పాత మిల్లు స్థలానికి ఇంటిమీద అప్పు: కర్నూలులో ఆస్తి తనఖా రుణంపై సమీక్ష

కల్లూరును కలుపుకుని కర్నూలు పెరిగాక, ఒకప్పుడు ఊరి చివర ఉన్న నూనె మిల్లులు, లారీ షెడ్లు, బ్యాటరీ గోదాములు, ప్లేటింగు షాపులు ఇళ్ల మధ్యకు వచ్చేశాయి. వాటిలో మూతపడ్డవి సెంట్ల లెక్కన అమ్మకానికి వస్తుంటాయి. రోడ్డు ఉంటుంది, కరెంటు లైను ఉంటుంది, ధర పక్క స్థలం కంటే తక్కువ చెబుతారు. కొనాలనుకునేవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఆస్తి తనఖా రుణం. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు దీన్ని ఎల్‌ఏపీ అంటాయి. ఉన్న ఇంటినో షాపునో తనఖా పెట్టి, ఆ డబ్బుతో మిల్లు స్థలం కొని, అందులో రసాయనాలు ఇంకిన మట్టిని తీయించి, పైన గోదామో అపార్ట్‌మెంటో లేపడం. ఆ ఒక్క అవసరానికి ఈ రుణం ఎంత పనికొస్తుందన్నదే ఇక్కడి సమీక్ష.

స్థలం కొనడానికైతే 5కి 3 వేస్తాం. మట్టి శుభ్రం చేయించడానికైతే 5కి 1. రెండు పనులకూ కలిపి ఒకే రుణం తీసుకుంటే మధ్యలో డబ్బు అయిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. అప్పుడు ఇరుక్కునేది మిల్లు స్థలం కాదు, తనఖాలో ఉన్న ఇల్లు.

అసలు ఈ రుణం దాకా ఎందుకు వస్తారంటే వేరే దారి ఇరుకు. ప్రైవేటు బిల్డరు భూమి కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఇళ్ల ప్రాజెక్టులో భాగంగా కొన్నా ఇవ్వకూడదు. కట్టడానికి అప్పు పుడుతుంది, నేల కొనడానికి పుట్టదు. సొంత డబ్బు చాలనివాళ్లు ఇంటి పత్రాలు తీస్తారు. పొలం పత్రాలు ఇక్కడ పనికిరావు. బాకీ పడితే సర్ఫేసీ చట్టం (కోర్టుకెళ్లకుండా తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద వ్యవసాయ భూమిని స్వాధీనం చేసుకునే వీలు లేదు కాబట్టి దాన్ని ఈ రుణానికి తీసుకోరు. డబ్బు దేనికి వాడుతున్నారో మంజూరు కాగితాల్లో రాసి సంతకం చేయిస్తారు. అక్కడ ఉన్నది ఉన్నట్టే రాయాలి. సొంత వ్యాపారానికి గోదాం, షోరూం అయితే ఇబ్బంది లేదు. ప్లాట్లు వేసి అమ్మే ఉద్దేశం దాచి తీసుకుంటే ఆ సంతకమే తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

రుణం మంచి గుణాలు చెప్పాలి. ఆస్తి విలువలో సుమారు సగం నుంచి 65 శాతం దాకా ఇస్తారు, 10 నుంచి 15 ఏళ్ల గడువు దొరుకుతుంది, వడ్డీ పర్సనల్ లోను కంటే తక్కువ. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లేదా రెన్యువల్ అయ్యే మారే వడ్డీ రుణాలను వ్యాపారం కోసం తీసుకున్నా సరే, వ్యక్తుల నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి వాణిజ్య బ్యాంకులు, అతి పెద్ద ఫైనాన్స్ కంపెనీలు ముందస్తు చెల్లింపు రుసుం తీసుకోకూడదు. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల దగ్గర ఈ వెసులుబాటు 50 లక్షల వరకు మంజూరైన రుణాలకే. మన విషయంలో ఇది పెద్ద లాభం. శుభ్రం చేసిన స్థలాన్ని రెండో ఏడే అమ్మినా, మట్టి ఖర్చులో విక్రేత భరించాల్సిన డబ్బు వెనక్కి వచ్చినా, అప్పు వెంటనే దించుకోవచ్చు.

ఇక లోపం. అప్పిచ్చేవాళ్లు చూసేది ఇంటిని. 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లాయరు అభిప్రాయం, ప్లాను, పన్ను రసీదు, మదింపుదారు వచ్చి కొలతలు, ఫొటోలు. కొనబోయే మిల్లు స్థలం వాళ్లకు హామీ కాదు కాబట్టి దాని గడప కూడా తొక్కరు. ఒకవేళ మిల్లు స్థలాన్నే తనఖాగా అడిగినా, మదింపు నివేదికలో హద్దులు, సబ్‌రిజిస్ట్రారు విలువ, మార్కెట్ విలువ ఉంటాయి; మట్టి గురించి మామూలుగా ఒక్క గడి ఉండదు. మహా అయితే పాత ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి నకలు అడుగుతారు. ఆ అనుమతి ఫ్యాక్టరీ నడిచినప్పటి షరతులు చెబుతుంది, మూసేశాక నేలలో ఏం మిగిలిందో చెప్పదు. బ్యాంకు ఒప్పుకుందంటే స్థలం మంచిదే అనుకోవడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు. బ్యాంకుకు హామీగా మీ ఇల్లు ఉంది. వాయిదాలు ఆగి ఖాతా మొండి బాకీ అయితే 60 రోజుల నోటీసుతో స్వాధీనం మొదలవుతుంది. మిల్లు మట్టి సంగతి ఆ నోటీసులో రాదు.

లెక్క కోసం 60 సెంట్ల స్థలం తీసుకుందాం. అంటే 2,904 గజాలు. ధర 3 కోట్లు అనుకుంటే స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం, అంటే 22.5 లక్షలు అదనం. ఇంటిమీద కోటిన్నర అప్పు, 11 శాతం వడ్డీ, 10 ఏళ్లు అయితే నెలకు దాదాపు 2.07 లక్షల వాయిదా. మట్టి పరీక్ష, అనుమతులు, తవ్వకం, మళ్లీ పరీక్ష, ప్లాను అన్నీ కలిసి ఏడాదిన్నర పడితే అద్దె రూపాయి రాకుండానే 37 లక్షలు కట్టాలి. స్థలం చౌకగా వచ్చిందనుకున్న తేడా ఇందులోనే కరిగిపోవచ్చు. బేరం ఆడేటప్పుడు ఈ 37 లక్షలను ధరలో కలిపి చూడనివాళ్లే ఎక్కువ నష్టపోతారు.

రెండో లోపం డబ్బు విడుదల తీరు. మామూలు తనఖా రుణం మొత్తం ఒకేసారి చేతికి వస్తుంది, తొలి రోజు నుంచే మొత్తానికి వడ్డీ. మట్టి పని బిల్లులు మాత్రం విడతలుగా వస్తాయి: ముందు పరీక్షలు, తర్వాత తవ్వకం, తర్వాత రవాణా, పారవేత, చివర నింపుడు. అందుకే అడగాల్సింది ఓవర్‌డ్రాఫ్ట్ రకం. వడ్డీ రేటు కాస్త ఎక్కువ ఉన్నా, తీసిన డబ్బుకే వడ్డీ పడుతుంది. స్థలం ధరకు మామూలు రుణం, శుభ్రతకు విడిగా ఓవర్‌డ్రాఫ్ట్ పెట్టుకుంటే రెండు లెక్కలూ కలిసిపోవు.

అయితే శుభ్రతకు ఎంత కావాలో తెలియకుండా పరిమితి ఎలా పెట్టుకుంటారు? అక్కడే మట్టి పరీక్ష రావాలి, లోను దరఖాస్తు కంటే ముందు రావాలి. లాగిన్ ఫీజు, లాయరు ఫీజు, మదింపు ఫీజు కట్టేశాక స్థలం వద్దనిపిస్తే ఆ డబ్బు తిరిగిరాదు. క్రమం ఇలా ఉండాలి: చిన్న బయానాతో మూడు నాలుగు నెలల గడువున్న అగ్రిమెంటు, అందులో “మట్టి, నీటి పరీక్షలకు తవ్వుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంది, ఫలితం బాగోలేకపోతే బయానా వాపసు” అన్న వాక్యం. తర్వాత పరీక్ష, దాన్నిబట్టి పరిమాణం, ధరమీద మళ్లీ బేరం. లోను ఆ తర్వాతే. మధ్యవర్తి “అన్నా, టైటిల్ క్లియర్” అంటాడు. నిజమే కావచ్చు. టైటిల్ వేరు, మట్టి వేరు.

పరీక్షలో ఏం వెతకాలన్నది అక్కడ ఏం నడిచిందన్న దానిమీద ఉంటుంది. పాత కార్మికులు, పక్కింటివాళ్లు, పాత కరెంటు బిల్లులు, అనుమతి పత్రాలు ఈ సమాచారం ఇస్తాయి. వేరుశనగ పిండి నుంచి ద్రావకంతో నూనె తీసిన మిల్లు అయితే హెక్సేన్. బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన చోటైతే సీసం, ఆమ్లం. క్రోమియం, నికెల్ పూత షాపైతే హెక్సావలెంట్ క్రోమియం (క్రోమియంలో విషపూరిత రూపం), నికెల్, సయనైడ్. తోళ్ల శుద్ధి అయితే క్రోమియం. లారీ షెడ్డు, డీజిల్ ట్యాంకు అయితే పెట్రోలియం నూనెలు, బెంజీన్. పాత ట్రాన్స్‌ఫార్మర్లు విప్పిన చోటైతే పీసీబీ అనే విష రసాయనం కలిసిన నూనె. ఆదోని వైపు జిన్నింగు మిల్లులో రసాయనాల బెడద సాధారణంగా తక్కువ; డీజిల్ ట్యాంకు, జనరేటర్ గది చుట్టూ చూస్తే చాలావరకు సరిపోతుంది. తాడిపత్రి, బేతంచెర్ల పాలిషింగు యూనిట్ల రాతి బురద విషం కంటే పునాదికి సమస్య: ఎండితే గట్టిగా కనిపిస్తుంది, తడిస్తే కూరుకుపోతుంది.

మన నేల గుణం కూడా లెక్కలోకి రావాలి. నల్లరేగడి ఎండాకాలం పగుళ్లిస్తుంది. పైన ఒలికిన ద్రవం ఆ పగుళ్లలోంచి నేరుగా లోపలికి జారుతుంది. వానలు పడ్డాక పగుళ్లు మూసుకుపోయి పైమట్టి శుభ్రంగా కనిపిస్తుంది. పైనుంచి అరడుగు గీకి పంపిన నమూనా అందుకే ఏమీ చెప్పదు. కర్నూలు, నంద్యాల వైపు సున్నపురాయి తగిలే చోట ఇంకా జాగ్రత్త. బెలూం గుహలు ఏ రాతిలో ఏర్పడ్డాయో అలాంటి రాతి పగుళ్లలో నీళ్లు దగ్గర బోరును వదిలేసి దూరపు బోరులో తేలగలవు. ఒక్క బోరు నీళ్లు బాగున్నాయని ఊరుకోకూడదు.

60 సెంట్లకు మేం సూచించేది అనుమానమున్న చోట్ల 8 నుంచి 10 రంధ్రాలు: ట్యాంకుల కింద, డ్రైను కలిసే చోట, బాయిలర్ వెనక, వ్యర్థాలు గుమ్మరించే మూల. ఇవికాక ఫ్యాక్టరీ ప్రభావం లేని చోట 2. ప్రతి రంధ్రంలో అరమీటరు లోపు, 1, 2, 3 మీటర్ల లోతుల్లో విడివిడి నమూనాలు. నాలుగు చోట్ల మట్టి కలిపి ఒక నమూనా చేస్తే పరీక్ష ఫీజు తగ్గుతుంది, కానీ ఒక మూల ఉన్న విషం మిగతా మూడింటి మంచి మట్టిలో పలచబడిపోతుంది. హెక్సేన్, బెంజీన్ లాంటి ఆవిరయ్యే వాటికైతే కలపడం అసలే కూడదు; గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి, 4 డిగ్రీల దగ్గర ఐసు పెట్టెలో పంపి, 14 రోజుల్లో పరీక్ష ముగించాలి. మే నెల కర్నూలు ఎండలో కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉన్న నమూనా శుభ్రమైన ఫలితమే ఇస్తుంది, ఎందుకంటే ఉన్నది ఎగిరిపోయి ఉంటుంది.

ఫ్యాక్టరీ ప్రభావం లేని ఆ రెండు రంధ్రాలు దండగ అనిపించవచ్చు. కాదు. అనంతపురం జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ ఉండటం రాతి స్వభావం వల్ల. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేనిచోట 1.5 దాకా. దానికి మించి కనిపించగానే ఫ్యాక్టరీని నిందిస్తే విక్రేత ఒక్క పక్క బోరు రిపోర్టుతో ఆ వాదన కొట్టేస్తాడు. పోలికకు నమూనా ఉంటేనే బేరంలో మాట నిలుస్తుంది.

ల్యాబు విషయంలో ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగితే సగమే అడిగినట్టు. ఆ గుర్తింపు ఏయే పరీక్షలకు ఉందో జాబితా చూడాలి. నీటి పరీక్షలకు ఉండి, మట్టిలో హెక్సావలెంట్ క్రోమియానికి లేకపోవచ్చు. రిపోర్టు వచ్చాక జరిగే గందరగోళం మరొకటి: ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 2016 ప్రకారం సీసం లీచేట్ పరీక్షలో (మట్టిలోంచి నీటిలోకి ఎంత దిగుతుందో చూసే పరీక్ష) లీటరుకు 5 మిల్లీగ్రాములు, మొత్తంగా కిలోకు 5,000 మిల్లీగ్రాములు దాటితే అది ప్రమాదకర వ్యర్థం. కిలోకు 2,000 వచ్చి, లీచేట్ కూడా తక్కువే ఉంటే “ప్రమాదకర వ్యర్థం కాదు” అని రిపోర్టు వస్తుంది. అది ఎలా పారవేయాలో చెప్పే మాట, పిల్లలు ఆడుకోవచ్చని చెప్పే మాట కాదు. పిల్లలు ఆడే మట్టికి అమెరికా పర్యావరణ సంస్థ చాలాకాలం పెట్టుకున్న హద్దు కిలోకు 400 మిల్లీగ్రాములు. 2024లో 200కు దించింది. అపార్ట్‌మెంటు కట్టాలా, గోదాం వేసి నేలంతా కాంక్రీటు పరవాలా అన్న నిర్ణయం ఈ అంకె దగ్గరే మారాలి. అదే స్థలం గోదాముకు లాభం, ఇళ్లకు నష్టం కావచ్చు.

ఇప్పుడు పరిమాణం. చెడిన మట్టి 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు ఉందనుకుందాం. 450 క్యూబిక్ మీటర్లు. క్యూబిక్ మీటరుకు 1.7 టన్నుల చొప్పున 765 టన్నులు, 20 టన్నుల టిప్పర్లలో 39 ట్రిప్పులు. తవ్వుతుండగా రంగు, వాసన ఇంకో అరమీటరు కిందికి వెళ్లాయంటే 600 క్యూబిక్ మీటర్లు, 1,020 టన్నులు. రవాణా, పారవేత కలిపి టన్నుకు 8,000 అని లెక్క కోసం పెట్టుకుంటే మొదటిది 61.2 లక్షలు, రెండోది 81.6 లక్షలు. అరమీటరు తేడా 20 లక్షలు మింగింది. అందుకే 3 మీటర్ల దాకా రంధ్రం వేయమంటున్నాం. రంధ్రాల ఖర్చు ఈ తేడా ముందు చాలా చిన్నది.

పారవేతకు రాయలసీమవాళ్లకు దూరమే పెద్ద భారం. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది. కర్నూలు నుంచి 600 కిలోమీటర్లు దాటిన ప్రయాణం. నూనె పట్టిన మట్టికి ఇంకో దారి, అనుమతి ఉన్న సిమెంటు కర్మాగారం కొలిమిలో కాల్చడం. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నా, మండలి అనుమతి ఏ రకం వ్యర్థానికి ఉందో, ఎంత తేమ, ఎంత క్లోరిన్ ఉంటే తీసుకుంటారో లిఖితపూర్వకంగా తెచ్చుకున్నాకే ఆ రేటు లెక్కలో రాయాలి. సీసం ఎక్కువున్న మట్టిని ఆ దారిలో పంపే ఆలోచన పెట్టుకోవద్దు.

మట్టి తవ్వి లోడు చేసిన క్షణం నుంచి వ్యర్థం మీ పేరున ఉంటుంది. రవాణాకు ఫారం 10 (వ్యర్థం ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో చెప్పే పత్రం) మీద సంతకం స్థలం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లదే, అంటే కొత్త యజమానిది. ఏడు కాపీల ఆ ఫారం లేకుండా “మేం చూసుకుంటాం సార్” అనే టిప్పరు కాంట్రాక్టరు మట్టిని హంద్రీ ఒడ్డునో, ఎవరి పొలంలోనో పోస్తే కేసు కాంట్రాక్టరు దగ్గర ఆగదు. చౌక కొటేషన్లలో తరచు కనపడని వరుస ఇదే: పారవేత కేంద్రం రసీదు.

నేలలో ట్యాంకులున్న మిల్లయితే డబ్బు కంటే ప్రాణం ముందు. హెక్సేన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు, గుంటల్లో నిలుస్తుంది. గాలిలో 1 శాతం దాటితే చాలు నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఖాళీ ట్యాంకు అంటే ద్రవం లేని ట్యాంకు, ఆవిరి లేని ట్యాంకు కాదు. స్క్రాపు వ్యాపారి గ్యాస్ కట్టరుతో రాకముందే నీటితోనో నైట్రోజన్‌తోనో ఆవిరి వెళ్లగొట్టి, గ్యాసు మీటరుతో కొలిపించి, సర్టిఫికెట్ తీసుకోవాలి. పెసో (పేలుడు పదార్థాలు, పెట్రోలియం భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు ఉన్న ట్యాంకైతే అది సరెండరు చేయించే బాధ్యత విక్రేతదని అగ్రిమెంటులో రాయాలి. ఆస్బెస్టాస్ రేకుల కప్పు ఉంటే పగలగొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి దించాలి. గుంటలో ఊరిన నీళ్లను మోటారు పెట్టి మున్సిపల్ కాలువలోకి తోడితే అదే కొత్త నేరం.

ఈ ఖర్చంతా ఎవరు పెట్టుకోవాలి? మా అభిప్రాయం స్పష్టం: మొదటి జేబు విక్రేతది. ఆస్తి బదిలీ చట్టం 1882 సెక్షన్ 55 ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని, తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని విక్రేత చెప్పి తీరాలి. చెప్పలేదని తర్వాత కోర్టుకెళ్లడం కంటే ధరలో కొంత ఆపిపెట్టడం తేలిక. పై లెక్కలో 82 లక్షలు బ్యాంకు ఎస్క్రో ఖాతాలో (రాసుకున్న షరతుల ప్రకారమే డబ్బు వదిలే ఖాతా) ఉంచి, శుభ్రత పూర్తయ్యాక మిగిలింది విక్రేతకు పోయేలా రాసుకోవాలి. ఇక్కడ లాయర్లు కూడా మరిచే మెలిక ఒకటుంది. ధరలో కొంత చెల్లించకుండా మిగిలితే అదే సెక్షన్ కింద విక్రేతకు ఆ స్థలంమీద చార్జి, అంటే బాకీ రాబట్టుకునే హక్కు, ఏర్పడుతుంది. రేపు నిర్మాణ రుణానికి వెళ్తే బ్యాంకు లాయరు దాన్ని పట్టుకుంటాడు. సేల్ డీడులో “మొత్తం ధర ముట్టింది, అందులో ఇంత ఎస్క్రోలో ఉంది, విక్రేత తన చార్జి వదులుకున్నాడు” అని రాయించాలి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ మొత్తం ధరమీద కోయాలి, ఎస్క్రో పోను మిగిలినదానిమీద కాదు.

విక్రేత ఒప్పుకోకపోతే జాయింటు డెవలప్‌మెంట్ చూడొచ్చు. స్థలం యజమానిదే, కట్టడం మీది, కట్టినది వాటాలుగా పంచుకుంటారు; నేల కొనే డబ్బే అక్కర్లేదు, ఇల్లు తనఖాకు వెళ్లదు, నిర్మాణానికి బ్యాంకు రుణం దొరుకుతుంది. మట్టి ఖర్చు ఎవరి వాటాలోంచి పోతుందో ఒప్పందంలో లేకపోతే ఈ దారీ తగాదాలోకే వెళ్తుంది. 500 చదరపు మీటర్లు దాటిన లేదా 8 ఫ్లాట్లు మించిన ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) వర్తిస్తుంది. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, నేల, నిర్మాణ ఖర్చులకే తీయాలి. శుభ్రత ఖర్చును ఇంజనీరు అంచనాలో మొదటి రోజు నుంచి చూపించకపోతే తర్వాత ఆ ఖాతాలోంచి తీయడం కష్టమవుతుంది.

ప్రభుత్వ డబ్బుమీద ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు 2025 జూలైలో వచ్చాయి. స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాలను ఆరు నెలలకోసారి పంపాలి, రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, మరో 90 రోజుల్లో వివరమైన సర్వే చేయాలి, పాడుచేసినవాళ్లను గుర్తించి ఖర్చు వాళ్ల చేత పెట్టించాలి. వాళ్లు లేరు, ఉన్నా కట్టలేరు అనుకుంటేనే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రంగంలోకి వస్తాయి. గనులు, మున్సిపల్ చెత్త దిబ్బలు వీటి పరిధిలో లేవు. ఇది మంచి చట్టం, మనస్ఫూర్తిగా ఆహ్వానించాల్సిన చట్టం. కానీ నెలకు 2 లక్షలు వాయిదా కట్టే కొనుగోలుదారు ఆధారపడగల వేగం కాదు: అప్పటికి దేశంలో గుర్తించిన స్థలాలు 103 అయితే శుభ్రత పని మొదలైనవి 7. రాజస్థాన్ బిచ్రీ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే పాడుచేసినవాడే చెల్లించాలంది, 37.385 కోట్లు చక్రవడ్డీతో కట్టమని మళ్లీ 2011లో చెప్పాల్సి వచ్చింది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన లక్ష కోట్ల అర్బన్ చాలెంజ్ ఫండ్ ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం దాకా ఇస్తుంది, కనీసం సగం బాండ్లు, బ్యాంకు రుణాల్లాంటి మార్గాల్లో తేవాలి. అది నగరపాలక సంస్థ స్థాయి పని. కల్లూరు వైపు పాత ఫ్యాక్టరీ స్థలాల గుంపును కలిపి ఒక ప్రాజెక్టుగా అడిగితే అర్థం ఉంటుంది, ఒక్క ప్లాటుకు కాదు.

అమెరికాలో 2002 చట్టం తర్వాత బ్రౌన్‌ఫీల్డ్ (కలుషితమైన పాత పారిశ్రామిక స్థలాల) గ్రాంట్లు మట్టి పరీక్షకే విడిగా ఇస్తారు. శుభ్రతకు తక్కువ వడ్డీ తిరుగు నిధి ఉంటుంది, ఒకరు తీర్చిన డబ్బు ఇంకో స్థలానికి వెళ్తుంది. బ్రిటన్‌లో కలుషిత నేల శుభ్రతకు పెట్టిన అర్హమైన ఖర్చుమీద కంపెనీలకు 150 శాతం పన్ను మినహాయింపు ఉంది. మన తనఖా రుణానికి లేనిది అదే: పరీక్ష దశకు డబ్బు, అది కూడా ఇల్లు తాకట్టు పెట్టకుండా. కర్నూలు, అనంతపురం, కడపల్లో సహకార బ్యాంకులకు ఇది చేయగల పని. పరీక్షకు పరిమితమైన చిన్న రుణం, పాత ఫ్యాక్టరీ స్థలం అని తెలిసినప్పుడు మదింపు నివేదికలో మట్టి గడి, విడతల విడుదల. ఈ మూడూ ఉంటే మా 1 మార్కు 4 అవుతుంది.

రుణం అడగకముందే చూసుకోవాల్సిన కాగితాలు ఇంకో రెండు. మాస్టర్ ప్లానులో స్థలం పారిశ్రామిక జోనులో ఉంటే ఇళ్లకు భూ వినియోగ మార్పిడి కావాలి. దరఖాస్తు కర్నూలులో పట్టణాభివృద్ధి సంస్థ కుడాకు, అనంతపురంలో అలాంటి సంస్థే అయిన అహుడాకు, కడపలో అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థకు. ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) ఇచ్చిన ప్లాటు అయితే వాళ్ల అనుమతి లేకుండా బదిలీ చేయడం, వాడకం మార్చడం కుదరదు. రెండింటికీ పట్టే నెలలు పై 18 నెలల లెక్కలో కలపాలి.

ఎవరు తీసుకోవచ్చంటే: విక్రేత ఎస్క్రోకు ఒప్పుకున్నాడు, పరీక్ష ముగిసింది, గోదాం లేదా షోరూం ఉద్దేశం ఉంది, 18 నెలల వాయిదాలు చేతిలో ఉన్నాయి, అప్పుడు ఈ రుణం బాగా పనిచేస్తుంది. పరీక్ష లేకుండా, అపార్ట్‌మెంటు కోసం, ఒకే ఇల్లు ఉన్నవాళ్లు మాత్రం వద్దు.

పని ముగిశాక గుంట గోడల నుంచి, అడుగు నుంచి మళ్లీ నమూనాలు తీయించి, అవి బాగున్నాకే గరుసు నింపాలి. ముందు నింపేస్తే రుజువు మట్టి కింద పోతుంది. ఆ ల్యాబు రిపోర్టులు, ఫారం 10 కాపీలు, పారవేత రసీదులు, లోతు కనిపించేలా కొలబద్ద పెట్టి తీసిన ఫొటోలు, నింపిన మట్టి ఎక్కడిదో చెప్పే బిల్లు, అన్నీ ఒక ఫైలుగా లింకు డాక్యుమెంట్లతో కట్టి ఉంచాలి. ఆ ఫైలుతో బ్యాంకుకు వెళ్లి శుభ్రమైన స్థలాన్ని మదింపు చేయించి, తనఖాను ఇంటినుంచి స్థలానికి మార్చమని అడగవచ్చు. మదింపు సరిపోతే ఇంటి పత్రాలు వెనక్కి వస్తాయి.